గుండ్రాడ ఎవరి కూతురు? మనవడి వంశవృక్షంలో ఆ పైగీత గీయాలా, వద్దా?

ప్రశ్న – దస్తావేజు_తాతయ్య

అందరికీ నమస్కారం. ఇక్కడ పాత ఇంగ్లండు చరిత్ర గురించి ఓపిగ్గా మాట్లాడుకునేవాళ్ళు ఉన్నారని చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను. కాస్త పెద్ద ప్రశ్న, విసుక్కోకండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేశాను. ఇప్పుడు ఇంగ్లండులో సస్సెక్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడు ఇంగ్లీషువాడు. మనవడికి పదేళ్ళు. వాడికి రెండు వైపుల వంశవృక్షం నా చేత్తో రాసి ఇస్తానని మాటిచ్చాను. మా వైపు తెలిసినంత మేరకు రాసేశాను. అల్లుడి వైపు కోసం మా వియ్యపురాలు గారు ఒక పాత నోటుబుక్కు ఇచ్చారు. వాళ్ళ మేనత్త ఎప్పుడో రాసుకున్నదట. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఎక్కడా కొట్టివేత లేదు. చివరి పేజీలో అన్నిటికంటే పైన ఎర్ర సిరాతో ఒక పేరు, దాని కింద రెండు గీతలు: విలియం ద కాంకరర్. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మండీ డ్యూక్. అక్కడి నుంచి కిందికి ఒక గీత, దాని చివర "కూతురు గుండ్రాడ, భర్త విలియం ద వారెన్". మా అల్లుడి వంశమంతా ఆ ఒక్క గీతకే వేలాడుతోంది.

కాపీ చేద్దామని కూర్చుని, తేదీలు సరిచూసుకుందామని నెట్‌లో వెతికాను. అక్కడ మొదలైంది టెన్షన్. ఒక వంశవృక్షాల సైటులో ఆమె విలియం సొంత కూతురని ఉంది. ఇంకోచోట విలియం భార్య మటిల్డాకు మొదటి భర్త వల్ల పుట్టిన కూతురని ఉంది. మూడోచోట అసలు ఆ కుటుంబానికే సంబంధం లేదు, ఫ్లాండర్స్ నుంచి వచ్చిన గెర్బోడ్ అనే అతని చెల్లెలు అని ఉంది. ఒక్క మనిషికి ముగ్గురు తండ్రులు ఎలా ఉంటారు?

ఆమె ఎముకలు ఇక్కడికి దగ్గర్లోనే లూయిస్ ఊళ్ళో ఉన్నాయని తెలిసి, పోయిన శనివారం మనవణ్ణి తీసుకుని సౌత్‌ఓవర్‌లోని సెయింట్ జాన్ చర్చికి వెళ్ళాను. పక్కనున్న చిన్న గదిలాంటి చాపెల్‌లో రెండు సీసపు పెట్టెలు పెట్టారు. మనిషి పొడవు లేవు, మా ఇంట్లో బట్టల ట్రంకుపెట్టె అంతే ఉన్నాయి. సీసం మీద తాడు అల్లినట్టు వలలాంటి నగిషీ. ఒకదాని మీద ఆమె భర్త విలియం పేరు, రెండోదాని మీద గుండ్రాడ పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా చదవొచ్చు. 1845లో రైలు మార్గం కోసం పాత మఠం స్థలాన్ని తవ్వుతుంటే బయటపడ్డాయట. మనవడు ఆ అక్షరాలను గాల్లో వేలితో రాసుకుంటూ "తాతయ్యా, ఈమె మా నానమ్మకి నానమ్మకి నానమ్మా?" అని అడిగాడు. "అవును" అన్నాను. "మరి ఈమెకి నాన్న ఎవరు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

తప్పు రాసి వాడి చేతిలో పెట్టలేను. అలాగని వియ్యపురాలి గారి మేనత్త రాసిన గీతను ఆధారం లేకుండా కొట్టేయలేను. తెలిసినవాళ్ళు చెప్పండి: ఆ గీతకు ఆధారం ఏమిటి, దానికి ఎదురు సాక్ష్యం ఏమిటి?

జవాబు – పాతకాగితాలు

బాబాయి గారూ, మంచి ప్రశ్న అడిగారు. ఈ గీత గురించి పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పండితులు ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. కాబట్టి ఆ మేనత్త గారిని తప్పుపట్టాల్సిన పనేమీ లేదు. ఆవిడ నమ్మకంగా ఉన్న పుస్తకాల్లోంచే తీసుకుని ఉంటారు.

మీరు దస్తావేజులు చూసినవారు కాబట్టి సాక్షుల వరసలోనే చెప్తాను. గుండ్రాడ 1085 మే 27న నార్ఫోక్‌లోని కాసిల్ ఏకర్‌లో ప్రసవంలో చనిపోయింది. ఆ కాలానికి దగ్గరగా రాసినవాళ్ళలో మొదట వినాల్సింది ఆర్డెరిక్ విటాలిస్ మాట. ఆయన 1075లో ఇంగ్లండులోనే పుట్టాడు, నార్మండీలోని సెయింట్ ఎవ్రూల్ మఠంలో సన్యాసిగా బతికాడు, నార్మన్ కుటుంబాల బంధుత్వాలంటే ఆయనకు ప్రాణం. ఎవరు ఎవరికి అల్లుడో, ఎవరి మేనమామ ఎవరో పేజీల కొద్దీ రాస్తాడు. విలియం ద వారెన్ గురించి రాస్తూ, గెర్బోడ్ సోదరి గుండ్రాడను పెళ్ళాడాడు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. రాజు కూతుర్ని పెళ్ళాడినవాణ్ణి పట్టుకుని ఆర్డెరిక్ లాంటివాడు "ఫలానావాడి చెల్లెల్ని చేసుకున్నాడు" అని ఊరుకుంటాడా? రాజు కూతుళ్ళ గురించి ఆయనే వేరేచోట రాశాడు. కాన్ మఠంలో సన్యాసిని అయిన సిసిలియా, బ్రిటనీకి కోడలుగా వెళ్ళిన కాన్‌స్టన్స్, బ్లువా కౌంట్‌ను పెళ్ళాడిన అడేలా, ఇంకా ఇతరులు. అందులో గుండ్రాడ లేదు.

రెండో సాక్షి ఇంకా గట్టిది. హైడ్ క్రానికల్ అని పిలిచే పన్నెండో శతాబ్దపు గ్రంథం ఒకటుంది. వారెన్ కుటుంబం గురించి అందులో ఎంత సమాచారం ఉందంటే, ఈమధ్య పండితులు దాన్ని వారెన్ క్రానికల్ అనే పిలుస్తున్నారు. ఆ ఇంటి సంగతులు అంత దగ్గరగా తెలిసినవాడు కూడా గెర్బోడ్‌ను గుండ్రాడ సోదరుడనే అన్నాడు తప్ప, ఆమెను రాజు కూతురు అనలేదు. సొంతవాళ్ళ గొప్ప చెప్పుకునే పుస్తకంలో అంత పెద్ద గొప్ప మర్చిపోరు కదా.

ఈ గెర్బోడ్ ఫ్లాండర్స్‌వాడు. అతని వంశానికి సెయింట్ ఓమేర్ ఊళ్ళోని సెయింట్ బెర్టిన్ మఠానికి వంశపారంపర్య సంరక్షక పదవి ఉండేది, మఠం భూముల తరఫున నిలబడే పెద్దమనిషి అన్నమాట. విలియం రాజు ఇతన్ని 1070 ప్రాంతంలో చెస్టర్‌కు ఎర్ల్‌గా, అంటే ఆ ప్రాంతపు ప్రభువుగా పెట్టాడు. కొద్దికాలానికే ఫ్లాండర్స్‌కు తిరిగి వెళ్ళి, అక్కడ శత్రువులకు చిక్కాడు. చెస్టర్‌ను హ్యూ ద అవ్రాంష్‌కు ఇచ్చేశారు.

ఫ్రెడరిక్ అనే ఇంకో మనిషి ఉన్నాడు. నార్ఫోక్, సఫోక్, కెంట్‌లలో ఇతనికి భూములుండేవి. ఇంగ్లీషు తిరుగుబాటుదారు హియర్‌వర్డ్ ఇతన్ని చంపాడు. ఆ కథలు ఫ్రెడరిక్‌ను వారెన్‌కు "సోదరుడు" అంటాయి. కానీ 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో, అంటే ఇంగ్లండు భూముల లెక్కల పుస్తకంలో, ఇతని భూములు వారెన్ చేతిలో కనిపిస్తాయి, పక్కన "ఫ్రెడరిక్ ఫ్యూడ్‌లోనిది" (ఫ్యూడ్ అంటే జాగీరు లాంటిది) అన్న గుర్తుతో. భార్య అన్న చనిపోతే ఆ ఆస్తి చెల్లెలి భర్తకు వచ్చినట్టుంది ఇది. అందుకే చరిత్రకారులు ఇతన్ని గుండ్రాడకు రెండో అన్నగా లెక్కవేస్తారు. మనకైతే బావమరిది అన్న మాట విడిగా ఉంది కాబట్టి ఈ గొడవే ఉండేది కాదు.

దస్తావేజు_తాతయ్య

అమ్మా, చాలా సంతోషం. ఒక్క మాట. ఇంత గట్టి సాక్ష్యం ఉంటే మరి "రాజు కూతురు" అన్న మాట ఎక్కడ పుట్టింది? ఊరికే పుట్టదు కదా. నా అనుభవంలో తప్పుడు హక్కు ఎప్పుడూ గాల్లోంచి రాదు. ఏదో ఒక కాగితం మీద ఏదో ఒక మాట ఉంటుంది.

పాతకాగితాలు

కాగితమే బాబాయి గారూ. రెండు కాగితాలు.

గుండ్రాడ, విలియం దంపతులు రోమ్ యాత్రకు బయలుదేరి, దారిలో పోప్‌కూ చక్రవర్తికీ యుద్ధం నడుస్తోందని బర్గండీలో ఆగిపోయారు. క్లూనీ మఠంలో ఉండి, అక్కడి సన్యాసుల పద్ధతి చూసి ముచ్చటపడి, అలాంటి మఠం తమ ఊళ్ళోనూ కావాలనుకున్నారు. అలా 1077 ప్రాంతంలో లూయిస్‌లో సెయింట్ పాంక్రస్ ప్రయరీ వెలిసింది. ఇంగ్లండులో క్లూనీ పద్ధతి మఠాల్లో అదే మొదటిది. ఈ కథంతా చెప్పే స్థాపన పత్రం ఒకటి ఆ మఠం రికార్డుల్లో ఉంది. అందులో వారెన్ తన రాణి మటిల్డాను "నా భార్య తల్లి" అంటాడు. కానీ ఆ పత్రం మనకు దొరికింది పదిహేనో శతాబ్దంలో మఠంవాళ్ళు కాపీ చేసుకున్న రిజిస్టరులో. ఇప్పుడున్న రూపంలో అది అసలు పత్రం కాదని, తర్వాత కల్పించి పెంచినదని పండితులు తేల్చారు.

రెండోది నార్ఫోక్‌లోని వాల్టన్ గ్రామాన్ని ఆ మఠానికి ఇస్తూ విలియం రాజు పేరుతో ఉన్న దానపత్రం. అందులో గుండ్రాడ పేరు పక్కన "నా కూతురు" అని రెండు లాటిన్ మాటలున్నాయి. ఆ రెండు మాటలూ తర్వాత వేరే చేతితో చేర్చినవని పరిశీలించినవాళ్ళు గుర్తించారు.

దస్తావేజు_తాతయ్య

"తర్వాత వేరే చేతితో చేర్చినవి." అమ్మా, ఈ మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

మేము దస్తావేజు రాసేటప్పుడు ఒక్క అక్షరం దిద్దినా చివర్లో ప్రత్యేకంగా రాస్తాం. ఫలానా పేజీ, ఫలానా పంక్తి, ఫలానా మాట చేర్పు, కొట్టివేత ఇన్ని, దిద్దుబాటు ఇన్ని అని రాసి, దాని కింద సంతకం. అలా రాయకుండా మధ్యలో ఒక మాట కనబడిందంటే, ఆ మాట వల్ల ఎవరికి లాభమో చూడమని మా గురువుగారు చెప్పేవారు. ఇక్కడ లాభం గుండ్రాడకు కాదు, ఆమె చనిపోయింది. వారెన్‌కూ కాదు. లాభం మఠానిది. తమ మఠాన్ని కట్టించింది రాజు కూతురంటే ఆ భూముల జోలికి ఎవరు వస్తారు?

ఆ ప్రయరీ ఇప్పుడు శిథిలం. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లో, థామస్ క్రామ్‌వెల్ మనుషులు దాన్ని పని కట్టుకుని కూలగొట్టారు. మొన్న చర్చి నుంచి అక్కడికి నడుచుకుంటూ వెళ్ళాం. పడిన గోడల మధ్య గడ్డి, పక్కనే రైలు పట్టాలు. ఆ పట్టాలు సరిగ్గా పాత మఠం చర్చి ఉన్నచోటు మీదుగానే వెళ్తున్నాయట. మనవడు రైలు వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపాడు.

జవాబు – శిలాక్షరం

పెద్దాయన గారికి నమస్కారం. మీరు సౌత్‌ఓవర్‌లో సీసపు పెట్టెల గురించి రాశారు కానీ, వాటి దగ్గరే ఉన్న నల్ల రాతి పలక గురించి రాయలేదు. నా దృష్టిలో గుండ్రాడ గురించి మనకున్న అత్యంత విలువైన వస్తువు అదే. అందుకే కొంచెం ఎదురు వాదిస్తాను.

ఆ పలక టూర్నే రాయి, నల్లగా నున్నగా మెరుస్తుంది. 1145 ప్రాంతంలో చెక్కారు. మఠం కూలాక అది ఇస్‌ఫీల్డ్ చర్చిలో ఒక షర్లీ కుటుంబీకుడి సమాధికి పైకప్పుగా మారింది. 1775లో మళ్ళీ సౌత్‌ఓవర్‌కు తెచ్చారు. ఆకులు తీగల నగిషీ మధ్య, అంచు చుట్టూ లాటిన్ పద్యం నడుస్తుంది. మొదటి పాదం "స్టిర్ప్స్ గుండ్రాడ డుకుమ్, డెకుస్ ఎవి, నోబిలే గెర్మెన్". అంటే గుండ్రాడ డ్యూకుల వంశాంకురం, తన కాలానికి అలంకారం, మేలిజాతి మొలక. ఇది కాగితం కాదు, రాయి. తర్వాత చేర్చడానికి వీల్లేదు. డ్యూకుల వంశం అంటే నార్మండీ డ్యూకులు కాక ఇంకెవరు? దీన్ని పక్కన పెట్టేయడం నాకు సబబుగా అనిపించడం లేదు.

దస్తావేజు_తాతయ్య

బాబూ, పలక చూశాను. దాని గురించి రాయకపోవడానికి కారణం అక్కడ నాకు లాటిన్ రాకపోవడమే. మీరు అర్థం చెప్పారు, కృతజ్ఞతలు. మిగతా పాదాల అర్థం కూడా చెప్పగలరా? కనపడినంత వరకు చాలు.

శిలాక్షరం

తప్పకుండా. ఆమె ఇంగ్లీషు చర్చిలకు సద్గుణాల పరిమళ తైలాన్ని తెచ్చిందని ఉంది. దీనులకు మార్త, భక్తిలో మరియ అయిందని ఉంది. బైబిల్లో ఇంటిపని చూసుకునే అక్క, ప్రభువు పాదాల దగ్గర కూర్చునే చెల్లి, ఆ ఇద్దరూ ఈమెలోనే ఉన్నారని అర్థం. చివర్లో ఆ మఠం దైవమైన సెయింట్ పాంక్రస్‌ను పిలిచి, ఈమె నిన్ను వారసుణ్ణి చేసింది, దయగలవాడా, తల్లిగా స్వీకరించు అని వేడుకుంటుంది. చనిపోయిన తేదీ కూడా ఉంది.

దస్తావేజు_తాతయ్య

"నిన్ను వారసుణ్ణి చేసింది." ఎంత మంచి మాట! నేను నా జీవితంలో ఎన్నో వీలునామాలు రాశాను కానీ దేవుడి భక్తుణ్ణి వారసుడిగా రాసుకుని, "ఇక నన్ను తల్లిలా చూడు" అని అడిగిన వీలునామా రాయలేదు.

బాబూ, ఇప్పుడు మీ వాదనకు నా మాట. తప్పయితే సరిదిద్దండి. ఆమె పోయిన 1085 నాటికి విలియం ఇంగ్లండుకు రాజై పందొమ్మిదేళ్ళు అవుతోంది. రాయి చెక్కింది ఇంకో అరవై ఏళ్ళ తర్వాత. పొగడడానికే రాసిన పద్యం అది. సొంత తండ్రి రాజైతే "రాజుల వంశం" అనకుండా "డ్యూకుల వంశం" అని ఎవరైనా ఒక మెట్టు తగ్గించి రాస్తారా? దస్తావేజులో పార్టీ పేరు ముందు ఉన్న పెద్ద హోదా వదిలేసి చిన్న హోదా రాస్తే ఆ పార్టీ ఊరుకోడు. పైగా ఆ లాటిన్ మాటకు నాయకుడు, సేనాధిపతి అన్న అర్థం కూడా ఉందని మా అమ్మాయి నిఘంటువు తీసి చూపించింది. గొప్పింటి పిల్ల అని మాత్రమే ఆ రాయి చెప్తున్నట్టు నాకు అర్థమవుతోంది.

శిలాక్షరం

హోదా సంగతి నేను ఆలోచించలేదు. రాజు కూతురికి "రాజుల" అనే మాట రాయకపోవడం నిజంగానే వింత. ఆ పలకను ఒంటరి సాక్ష్యంగా నిలబెట్టలేనని ఒప్పుకుంటున్నాను.

జవాబు – మెట్లలెక్క

ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ కేసును తేల్చే అసలు సాక్ష్యం ఇంకా ఎవరూ తేలేదు. అందుకే రాస్తున్నాను. మన తెలుగువాళ్ళకైతే ఇది అరనిమిషంలో అర్థమవుతుంది.

గుండ్రాడ కొడుకు రెండో విలియం ద వారెన్. విలియం ద కాంకరర్ కొడుకు మొదటి హెన్రీ, ఇంగ్లండు రాజు. ఈ హెన్రీకి వివాహేతర సంతానం ఇరవైమందికి పైనే. అందులో ఒక కూతుర్ని రెండో విలియం ద వారెన్‌కు ఇచ్చి చేద్దామని హెన్రీ అనుకున్నాడు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆన్‌సెల్మ్‌ను అడిగితే, ఆయన వద్దని ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో చర్చి ఏడు తరాల లోపు బంధుత్వం ఉంటే పెళ్ళికి ఒప్పుకునేది కాదు. 1215లో నాలుగు తరాలకు తగ్గించారు. ఆన్‌సెల్మ్ ఉత్తరంలో చెప్పిన కారణం ఇది: వీళ్ళిద్దరూ ఒకవైపు నాలుగో తరంలో, ఇంకోవైపు ఆరో తరంలో బంధువులు.

ఇప్పుడు చూడండి. గుండ్రాడ కాంకరర్ కూతురే అయితే హెన్రీ ఆమెకు తమ్ముడు. పెళ్ళికొడుకు అక్క కొడుకు, పెళ్ళికూతురు తమ్ముడి కూతురు. అంటే ఏమిటి? అచ్చమైన మేనరికం! మేనత్త కొడుకు, మేనమామ కూతురు. ఎదురుగా కొట్టొచ్చినట్టు మేనరికం కనబడుతుంటే, నాలుగో తరం ఆరో తరం అని దూరపు చుట్టరికం తవ్వి తీయాల్సిన అవసరం ఆ ఆర్చ్‌బిషప్‌కు ఏముంది? "వాళ్ళు అక్కాతమ్ముళ్ళ పిల్లలు, కుదరదు" అని ఒక్క వాక్యంలో ముగించేవాడు. ఉత్తరం రాసింది హెన్రీకే. సొంత అక్క ఎవరో హెన్రీకి తెలియదా?

పెద్దాయన గారు చెప్పిన రెండో కథ, అంటే గుండ్రాడ మటిల్డా రాణికి మొదటి భర్త వల్ల పుట్టిందన్న కథ, 1846లో ఒక పండితుడు ముందుకు తెచ్చింది. ఆర్డెరిక్ మాటనూ మఠం మాటనూ రెండిటినీ కలపాలని ఆయన తాపత్రయం. కానీ మటిల్డాకు అంతకుముందు పెళ్ళయిందని ఆ కాలంవాళ్ళెవరూ రాయలేదు. పైగా తల్లి ఒక్కరైనా చాలు కదా, గుండ్రాడ, హెన్రీ అక్కాతమ్ముళ్ళే అవుతారు, పిల్లలది మేనరికమే అవుతుంది. ఆన్‌సెల్మ్ ఉత్తరం రెండు కథలకూ ఒకేసారి అడ్డం పడుతుంది. 1888లో చరిత్రకారుడు ఫ్రీమన్ ఈ విషయం మీద రాశాక, సొంత కూతురు అనే వాదన పండితుల్లో నిలబడలేదు.

మరి ఆ నాలుగు, ఆరు ఎక్కడివి? హెన్రీ కూతురి దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కండి: కూతురు, హెన్రీ, కాంకరర్, అతని తండ్రి రాబర్ట్, అతని తండ్రి రెండో రిచర్డ్, అతని తల్లి గున్నోర్. ఆరు మెట్లు. ఈ గున్నోర్ మొదటి రిచర్డ్ డ్యూక్ భార్య. ఆమె అక్కచెల్లెళ్ళ సంతానం ద్వారానే సగం నార్మన్ పెద్ద కుటుంబాలు ఒకదానికొకటి చుట్టాలయ్యాయి. తర్వాత మోన్ సెయింట్ మిషెల్ మఠాధిపతి అయిన రాబర్ట్ ఆఫ్ టోరిన్యీ ఆ చుట్టరికాలన్నీ రాసిపెట్టాడు, అందులో వారెన్‌లూ ఉన్నారు. ఆ రెండోవైపు లెక్కే నాలుగు. అంటే ఆ బంధుత్వం పెళ్ళికొడుకు వారెన్‌కు తండ్రివైపు నుంచి వచ్చింది, తల్లి గుండ్రాడ వైపు నుంచి కాదు.

దస్తావేజు_తాతయ్య

మెట్లలెక్క గారూ, మీ జవాబు చదివి మనవణ్ణి పిలిచి భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచాను. ఆరు మెట్లు వాడే గీశాడు. ఒక్కో మెట్టు మీద పేరు రాస్తూ బయటికి చదివాడు. తర్వాత గుండ్రాడను కాంకరర్ కింద పెట్టి మళ్ళీ గీయమన్నాను. రెండు వైపులా రెండేసి మెట్లకే కలిసిపోయింది. "అయితే బిషప్ తాతకి లెక్కలు రావన్నమాట" అన్నాడు. "కాదురా, బిషప్‌కి వచ్చు, ఈ బొమ్మే తప్పు" అన్నాను. వాడే రబ్బరు తీసి ఆ గీత చెరిపేశాడు.

నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. ఒక్క దిగులు మిగిలింది. మా వియ్యపురాలు గారికి ఎనభై ఏళ్ళు. చిన్నప్పటి నుంచి వాళ్ళ ఇంట్లో "మనం కాంకరర్ సంతానం" అని చెప్పుకున్నారు. ఆ మేనత్త గారు పెళ్ళి చేసుకోకుండా ఈ నోటుబుక్కుతోనే బతికారట. ఆ గీత తీసేస్తే చివరికి వాళ్ళకు ఏం మిగులుతుందో చెప్పగలరా?

పాతకాగితాలు

బాబాయి గారూ, చాలా మిగులుతుంది. నోటుబుక్కులో గీత గుండ్రాడ నుంచి కిందికి ఎలా వస్తోందో చూడండి. రెండో విలియం ద్వారా వస్తుంటే, అతని భార్య ఎలిజబెత్ ఆఫ్ వెర్మాండువా. కొన్నిచోట్ల ఇసబెల్ అని రాస్తారు. మొదట లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ ద బ్యూమాంట్‌కు భార్య, ఆయన 1118లో పోయాక ఇతన్ని పెళ్ళాడింది. ఆమె తండ్రి హ్యూ, ఫ్రాన్స్ రాజు మొదటి హెన్రీ కొడుకు. ఈ గీత మీద ఎవరికీ తగాదా లేదు. రాజవంశం కావాలంటే అక్కడుంది, ఏ మఠంవాళ్ళూ చేర్చనక్కర్లేదు.

వీళ్ళ కూతురు అడా 1139లో స్కాట్లండు రాజు డేవిడ్ కొడుకు హెన్రీని పెళ్ళాడింది. ఆమె కొడుకులు మాల్కమ్, విలియం ద లయన్, ఇద్దరూ స్కాట్లండు రాజులయ్యారు. రెండో విలియం, ఎలిజబెత్‌ల కొడుకు మూడో విలియం ద వారెన్ 1148లో రెండో క్రూసేడులో చనిపోయాడు. అతని ఒక్కగానొక్క కూతురు ఇసబెల్ రెండో భర్త హామెలిన్, ఇంగ్లండు రాజు రెండో హెన్రీకి సవతి సోదరుడు. మీ అల్లుడి కొమ్మ వీటిలో ఏదో చెప్తే మిగతాది చూసిపెడతాను.

ఇంకో చిన్న దిద్దుబాటు. నోటుబుక్కులో "సర్రే కౌంటెస్ గుండ్రాడ" అని ఉంటే ఆ బిరుదు తీసేయండి. విలియం ద వారెన్‌కు సర్రే ఎర్ల్ పదవి వచ్చింది 1088లో, ఆ ఏడే పెవెన్సీ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. అప్పటికి గుండ్రాడ పోయి మూడేళ్ళు. తర్వాతివాళ్ళు గౌరవం కొద్దీ కౌంటెస్ అన్నారు కానీ, బతికుండగా ఆమెను ఎవరూ అలా పిలిచి ఉండరు.

గెర్బోడ్ గురించి కూడా ఒక సంగతి. 1071లో కాసెల్ యుద్ధంలో ఫ్లాండర్స్ కౌంట్ ఆర్నుల్ఫ్ చనిపోయాడు. గెర్బోడ్ అనేవాడే తన ప్రభువును చంపాడనీ, పశ్చాత్తాపంతో రోమ్ వెళ్ళాడనీ సెయింట్ హ్యూబర్ట్ మఠం గ్రంథం చెప్తుంది. చేతులు నరకమని పోప్ పంపి, వణకకపోతే మాత్రం నరకవద్దని రహస్యంగా చెప్పాడట. చేతులు వణకలేదు. చివరికి క్లూనీలో సన్యాసి అయ్యాడట. ఇతనే మన గుండ్రాడ అన్న అని కొందరు పండితులు వాదిస్తారు. అదే నిజమైతే, ఆ దంపతులు అన్ని మఠాలుండగా క్లూనీకే వెళ్ళడం వెనక ఒక చెల్లెలు ఉందేమోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, చెట్టులో రాయకండి.

దస్తావేజు_తాతయ్య

అమ్మా, బాబూ, మెట్లలెక్క గారూ, మీ అందరికీ రెండు చేతులా నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నాను, పని పూర్తయ్యాక రాద్దామని ఆగాను.

ఆదివారం మా వియ్యపురాలు గారు వచ్చారు. అమ్మాయి పక్కన కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి చెప్తుంటే, నేను ఒక్కో సాక్ష్యం ముందుపెట్టాను. ఆర్డెరిక్ మాట విన్నప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. దానపత్రంలో చేర్చిన రెండు మాటల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మేనరికం లెక్క మాత్రం మనవడు చెప్పాడు, తన బొమ్మతో. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "మా అత్తయ్యకు ఈ ఉత్తరం ఎవరైనా చూపించి ఉంటే తనే చెరిపేసేది, తప్పు ఉంచుకునే మనిషి కాదు" అన్నారు. గెర్బోడ్ చేతులు వణకలేదన్న కథ ఆవిడ మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

నోటుబుక్కును ముట్టుకోలేదు. అది ఆ మేనత్త గారిది, అలాగే ఉండాలి. నా చెట్టులో మాత్రం ఇలా రాశాను. గుండ్రాడ, మరణం 1085 మే 27, కాసిల్ ఏకర్. అన్న గెర్బోడ్, చెస్టర్ ఎర్ల్. ఇంకో అన్న ఫ్రెడరిక్, పక్కన పెన్సిలుతో "డూమ్స్‌డే భూములను బట్టి". కౌంటెస్ బిరుదు తీసేశాను. ముగ్గురి పైన ఒక అడ్డగీత, దాని పైన తల్లిదండ్రుల పేర్లకు రెండు ఖాళీ గళ్ళు. వెర్మాండువా ఎలిజబెత్ పేరు మనవడు ఎర్ర సిరాతో రాశాడు, కింద రెండు గీతలు గీసి.

కాగితం చివర అలవాటు ప్రకారం రాసి సంతకం పెట్టాను: మొదటి పేజీ మూడో పంక్తిలో "విలియం ద కాంకరర్ కూతురు" కొట్టివేత ఒకటి, "గెర్బోడ్ సోదరి" చేర్పు ఒకటి.

అమ్మా, మా అల్లుడి కొమ్మ అడా నుంచి కాదు, ఇసబెల్, హామెలిన్‌ల నుంచి వస్తోంది. హామెలిన్ తల్లి పేరు నోటుబుక్కులో లేదు. తీరిక ఉన్నప్పుడు చెప్పండి, ఆ గడి కూడా ఖాళీగానే ఉంచాను.